తల మీద నీళ్లు పడని బిడ్డ

హింటర్‌బాఖ్,
ఆత్మల పండుగ మర్నాడు, 1957

ప్రియమైన చెల్లి ఒట్టీలికి,

ఇక్కడ ఆవులన్నీ కులాసా. మిగతావాళ్ల సంగతి కింద రాస్తాను.

నువ్వు పంపిన ఊలు అందింది. రంగు బాగుంది గానీ ఆ రంగుతో మీ బావకి స్వెటర్ అల్లితే, ఈ వయసులో పెళ్లికొడుకు వేషమేమిటని నోట్‌బుర్గా పిన్ని అననే అంటుంది. అంటే అననీ. పక్కింట్లో ఉంటూ ఆవిడ ఏదో ఒకటి అనని రోజు లేదు.

నిన్న సమాధుల తోటకి వెళ్లాను. ఊరంతా వచ్చింది. అమ్మ సమాధి మీద దేవదారు కొమ్మలు కప్పి దీపం పెట్టాను. అందరూ చర్చిలోకి పోతుంటే నేను గోడ అవతలకి వెళ్లాను. ఉత్తర దిక్కు గోడ వెనక మా బిడ్డ ఉన్న చోట, పోయిన ఏటి దండలూ వాడిన పూలూ తెచ్చి కుప్ప పోశారు. ఎవరూ కావాలని చేయలేదు. సిలువ లేదు, రాయి లేదు, అక్కడ ఒకడున్నాడని వాళ్లకెలా తెలుస్తుంది. చేతుల్తో ఎత్తి అవతల పారేశాను. ఫాదర్ ఆల్బిన్ చూశారు. టోపీ తీసి నిలబడ్డారు. ఆయన మంచివాడే, అదే నా బాధ. చెడ్డవాడైతే తిట్టుకుని ఊరుకునేదాన్ని.

మే నెలలో ఆయన చెప్పింది ఇప్పటికీ చెవిలో ఉంది. ఊపిరి తీయకుండా పుట్టిన బిడ్డకి తల మీద నీళ్లు పోసి జ్ఞానస్నానం ఇవ్వకూడదట. జ్ఞానస్నానం లేని బిడ్డని ఆశీర్వదించిన నేలలో పెట్టకూడదట. వాడు నరకంలో లేడట, మోక్షంలోనూ లేడట, మధ్యలో ఎక్కడో బాధ లేని చోట ఉంటాడట. మధ్య అంటే ఎక్కడే? రైలు మారే స్టేషనా? ఎవరైనా వచ్చి తీసుకెళ్తారా? వాడి కోసం ప్రార్థన చేయమంటారా అని అడిగితే, అవసరం లేదమ్మా అన్నారు. అవసరం లేదా, పనికిరాదా? అది అడగడానికి నోరు రాలేదు. అప్పట్నుంచి నాకు ప్రార్థన సాగడం లేదు. మొదలుపెడతాను, ఎవరితో మాట్లాడుతున్నానో తెలియక సగంలో ఆగిపోతాను.

ఇంకో సంగతి. క్రిస్మస్ ముందు ఈ ఆగమనకాలంలో ఇంటికో రాత్రి చొప్పున ఊరు తిరిగే మరియ తల్లి ఈసారి మా ఇంటికి వస్తుందట. పోయిన ఏడు మీ వంతు తప్పిపోయింది, ఈ ఏడు నా ఇంటి నుంచి నేరుగా నీ ఇంటికే అని నోట్‌బుర్గా పిన్ని తేల్చేసింది. నెలలు నిండి, పొట్ట మీద చెయ్యి వేసుకుని నిలబడ్డ ఆ చెక్క మరియమ్మని ఒక రాత్రంతా నా బల్ల మీద పెట్టుకోవాలి. నా వల్ల కాదు పిన్నీ అన్నాను. "ఊరికే అంటావులే" అని నవ్వి పోయింది.

క్రిస్మస్‌కి నువ్వూ మీ ఆయన ఎర్వినూ వస్తారుగా? ఏటా వచ్చేవాళ్లే, అయినా అడుగుతున్నాను. నాకు ఈ ప్రపంచంలో నోరు విప్పి మాట్లాడగలిగినదానివి నువ్వొక్కదానివే. ఈసారి నువ్వు రాకపోతే నేనేమవుతానో నాకే తెలియడం లేదు.

నీ అక్క,
రోస్విత

*

లింజ్,
నవంబరు మధ్యలో

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివి ఆ రోజంతా కుట్టు మిషను ముందు ఊరికే కూర్చున్నాను. ఒక పెద్దమనిషి కోటుకి రెండు చేతులూ ఒకే వైపువి కుట్టేశాను. ఆయన తొడుక్కుని చూసి, నేను లింజ్‌లో ఒక్క దిక్కుకే నడవాలా అమ్మా అన్నాడు. విప్పి మళ్లీ కుట్టాను.

ఇక్కడ అంతా మామూలే. మా ఇంటి యజమానురాలు కొత్తగా చిలకని తెచ్చింది. అది పొద్దస్తమానం ఆవిడలాగే దగ్గుతోంది, లోపల ఇద్దరున్నట్టు ఉంటుంది. నాకు ఈమధ్య కాఫీ వాసన గిట్టడం లేదు, లింజ్ నీళ్ల మహిమ కాబోలు. ఎర్విన్ నడిపే ట్రాము మొన్న వంతెన దగ్గర ఆగిపోతే జనమంతా దిగి నెట్టారట.

తల్లి సంగతి. నీకు ఇష్టం లేకపోతే పిన్నికి మొహం మీదే చెప్పు. నువ్వు చెప్పేది ఎంత మెల్లగా ఉంటుందంటే ఎదుటివాళ్లకి ఒప్పుకున్నట్టే వినిపిస్తుంది. ఆ గోడ వెనక సంగతికి నా దగ్గర జవాబు లేదక్కా. నాకు తెలిసిన దేవుడు పసివాణ్ణి ఏ స్టేషన్‌లోనూ కూర్చోబెట్టడు. కానీ నేను చదువుకున్నదాన్ని కాదు కదా.

క్రిస్మస్‌కి రావడం కష్టంగా ఉంది. ఎర్విన్‌కి సరిగ్గా పండుగ రోజులకే డ్యూటీ పడింది. పండుగని ట్రాములు ఆగవు. వేసవిలో వస్తాం, తప్పకుండా.

నీ చెల్లి,
ఒట్టీలి

*

లింజ్,
అదే రోజు

బావా,

ఈ ఉత్తరం అక్క చేతిలో పడకూడదని పాల సంఘం చిరునామాకి రాస్తున్నాను. అక్కడ అందరి ముందూ విప్పకండి.

నేను కడుపుతో ఉన్నాను. మార్చిలో కాన్పు. ఇన్నేళ్లు ఎదురుచూసి ఇక లేదనుకున్నాక వచ్చింది. జూలై ఆఖర్లో తెలిసింది, అంటే అక్కకి అలా జరిగిన రెండు నెలలకే. సంతోషం వచ్చిన ప్రతిసారీ దొంగతనం చేస్తున్నట్టు ఉంటోంది. చర్చిలో మోకరించి, నాకు ఇచ్చినందుకు వందనాలు అంటాను, వెంటనే, అక్క దగ్గర ఎందుకు లాక్కున్నావు అంటాను. రెండూ ఒకే దేవుడితో ఒకే నోటితో అంటున్నాను, వింటున్న ఆయన ఏమనుకుంటున్నాడో తెలియదు.

ఈ పొట్ట వేసుకుని అక్క గుమ్మంలో ఎలా నిలబడను? ఉత్తరంలో రాయడానికీ చెయ్యి రావడం లేదు. ఎర్విన్‌కి డ్యూటీ అని అబద్ధం రాశాను. రాకపోతే అక్క ఒంటరిదైపోతుంది, వస్తే నన్ను చూసి ఏమైపోతుందో అని భయం. అక్కని రోజూ చూసేవారు మీరే గనక మీరే చెప్పండి, ఏం చేయమంటారు?

ఒట్టీలి

*

హింటర్‌బాఖ్

ఒట్టీలికి,

ఉత్తరం అందింది. నాకు రాయడం చేతకాదు. సంతోషం. ఇది మొదట రాయాలి గదా, అందుకని మొదట రాశాను.

రోస్విత లేస్తుంది, పాలు పితుకుతుంది, వండుతుంది, మాట్లాడదు. నేనూ మాట్లాడను. తను మాట్లాడకపోవడం వేరు, నేను మాట్లాడకపోవడం వేరు. ఆ తేడా ఏమిటో రాయలేను.

బిడ్డ పెట్టె నేనే చేశాను. నేనే మోసుకెళ్లాను. బరువు లేదు. ఇది ఎవరికీ చెప్పలేదు. నీకెందుకు రాశానో తెలియదు.

నీ సంగతి నా అంతట నేను తనకి చెప్పను. తను అడిగితే అబద్ధం ఆడను. ఈ ఇంట్లో నన్నెవరూ ఏమీ అడగరు గనక నువ్వు భయపడక్కర్లేదు.

రావాలో వద్దో నాకు తెలియదు. ఎర్ర ఆవు కూడా చూడిదే.

గ్రెగోర్

*

హింటర్‌బాఖ్,
ఆగమనకాలం మొదటి సోమవారం

ఒట్టీలీ,

మీ ఇంట్లో ట్రాములు నడిపే ఎర్విన్‌లు ఇద్దరున్నారా? ఎందుకంటే మీ బావ పంపిన పొగాకు అందిందని ఒక ఎర్విన్ మొన్న కార్డు రాశాడు. ఈసారి అదృష్టం బాగుండి పండక్కి సెలవు దొరికిందని, కంటినిండా నిద్రపోతానని అందులో ఉంది. డ్యూటీ పడిన ఎర్విన్ ఎవరో మరి.

కార్డు బల్ల మీద పెట్టి మీ బావ మొహంలోకి చూశాను. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చలికి అనుకున్నాను.

అబద్ధం ఆడటం కూడా రాదే నీకు. చిన్నప్పుడు జామ్ తిని మూతి తుడుచుకోకుండా వచ్చేదానివి. అసలు సంగతి చెప్పు. నా గురించి సిగ్గుపడుతున్నావా? గోడ అవతల బిడ్డని పెట్టుకున్న అక్క దగ్గరికి పండుగ పూట వెళ్లడమేమిటని ఎర్విన్ వాళ్లమ్మ అందా? లేక నా ఏడుపు వినలేక నీకే విసుగొచ్చిందా? ఏదైనా సరే, తిన్నగా చెప్పు. నీళ్లు నమలకు.

నిన్న మీ బావ దేవదారు కొమ్మల దండ అల్లి తెచ్చి, నాలుగు ఆదివారాలకి నాలుగు కొవ్వొత్తులు గుచ్చి, మొదటిది వెలిగించాడు. ఇద్దరం దాని ఎదురుగా కూర్చున్నాం. ఇది ఎదురుచూసే కాలమంటారు. నేనొకసారి నెలల తరబడి ఎదురుచూసినదాన్నే, ఊయల కూడా తుడిచి పెట్టుకున్నదాన్నే. ఇంకా దేనికి ఎదురుచూడమంటారు? ఊదేశాను. ఆయన మళ్లీ వెలిగించాడు. మళ్లీ ఊదేశాను. అగ్గిపెట్టె జేబులో పెట్టుకుని ఆవుల పాకలోకి పోయాడు. తర్వాత చీకట్లో కూర్చుని, ఎందుకు ఊదానా అని ఏడ్చాను. నాకు వెలుగు కావాలో వద్దో నాకే తెలియడం లేదు, ఇక నీకేం చెప్పను.

రోస్విత

*

లింజ్,
ఆగమనకాలం రెండో వారం

అక్కా,

నీ గురించి నేనెప్పుడూ సిగ్గుపడలేదు. అమ్మ మీద ఒట్టు. ఎర్విన్ వాళ్లమ్మ ఏమీ అనలేదు, ఆవిడ నీకోసం రోజూ జపమాల చెబుతోంది.

డ్యూటీ అబద్ధమే. ఒప్పుకుంటున్నాను. రాకపోవడానికి కారణం ఒకటుంది, అది నీలో లేదు, నాలో ఉంది. జబ్బేమీ కాదు, భయపడకు. ఎర్విన్‌తో గొడవ కూడా కాదు. ఇంతకంటే అడగకు అక్కా. చెబితే నీకు నొప్పి, చెప్పకపోతే నీకు కోపం. రెంట్లో కోపమే నయమనిపించింది. అది కూడా తప్పేమో, నాకు తోచడం లేదు.

తల్లి మీ ఇంటికి వచ్చిన రోజు ఏం చేశావో రాయి.

నీ ఒట్టీలి

*

హింటర్‌బాఖ్,
తల్లి మా ఇల్లు దాటిన మర్నాడు

ఒట్టీలీ,

ఇది నీకు తప్ప ఇంకెవరికీ రాయలేను. వరసగా చెప్పడానికి చూస్తాను. నాకే వరస అందడం లేదు.

తల్లి రావలసిన రోజు పొద్దుట్నుంచీ ఏం చేస్తున్నానో తెలియకుండానే పని చేశాను. తీసుకోనని చెప్పినదాన్ని నేలంతా ఎందుకు కడిగానో అడగకు. అమ్మ కుట్టిన తెల్ల గుడ్డ బల్ల మీద పరిచాను. తీసేశాను. మళ్లీ పరిచాను. ఎండు పళ్ల రొట్టె కోసి పళ్లెంలో పెట్టాను. మీ బావ అది చూసి పాలు పితకడానికి పోయాడు.

చీకటి పడుతుండగా లాంతర్లు వచ్చాయి. ముందు నోట్‌బుర్గా పిన్ని, ఆవిడ చేతుల్లో తల్లి, వెనక ఇరుగుపొరుగు, ఫాదర్ ఆల్బిన్. మంచు పడకుండా పిన్ని తన శాలువా తీసి తల్లికి కప్పింది. ఆ శాలువా పొట్ట దగ్గర ఎత్తుగా ఉంది. కిటికీలోంచి నేను చూసింది అంతే. గడియ మీదికి చెయ్యి పోలేదు.

పద్ధతి నీకు తెలుసుగా, బయటివాళ్లు చోటివ్వమని పాడతారు, లోపల ఇంటావిడ చోటు లేదు పొమ్మని పాడుతుంది. మూడుసార్లూ అయ్యాక తలుపు తీసి, లోపలికి రమ్మనే చరణం అందరూ కలిసి పాడాలి. వాళ్లు పాడారు. నేను పొమ్మన్నాను. ఒట్టీలీ, నేనింత బాగా ఎన్నడూ పాడలేదు. మే నెల నుంచీ దేవుడితో అనాలనుకున్న మాట ఊరంతా వింటుండగా, రాగంతో సహా అనేశాను. రెండోసారి పొమ్మన్నాను. మూడోసారీ పొమ్మన్నాను. ఇక తలుపు తీయాలి. తీయలేదు.

బయట ఎవరూ కదల్లేదు. తర్వాత పిన్ని గొంతు వినిపించింది. "ఇది ఎక్కడో చరణం తప్పింది. మళ్లీ మొదట్నుంచి ఎత్తుకోండి."

పాపం నాకు సాయం చేస్తున్నామనుకుని మళ్లీ మొదట్నుంచి పాడారు. నేను మళ్లీ మూడుసార్లూ పొమ్మన్నాను.

"ఈ ఏడు కొత్త పద్ధతి పెట్టారా పిన్నీ?" అని ఎవరో అడిగారు.

"నోర్మూసుకుని పాడు" అంది పిన్ని.

నోరు మూసుకుని ఎలా పాడాలో తెలియక కాబోలు, పాట అక్కడే ఆగిపోయింది. "రోస్వితా, నా కాళ్లు కొయ్యబారిపోతున్నాయే. తలుపు తియ్యి" అంది పిన్ని.

"తియ్యను పిన్నీ" అన్నాను. ఈసారి రాగం లేదు.

అప్పుడు మొదలైంది గొడవ. బయల్దేరిన ఇంటికి తల్లి తిరిగి వెళ్లకూడదు గదా. తర్వాతి ఇంటివాళ్లు పెళ్లికని ఊరెళ్లారు, రేపటికి గానీ రారు. చర్చికి తీసుకుపోదామని ఒకరంటే, క్రిస్మస్ ముందురోజు రాకుండా తల్లిని చర్చిలో పెట్టడం ఎక్కడైనా ఉందా అని పిన్ని. నేను తలుపుకి వీపు ఆనించి వింటున్నాను. ఇంతలో పాక వైపు నుంచి మీ బావ గొంతు వినబడింది. "ఇటు తీసుకురండి" అన్నాడు.

అడుగుల చప్పుడు ఇంటి పక్క నుంచి వెళ్లింది. కాసేపటికి పాకలోంచి, లోపలికి రమ్మనే చరణం వినిపించింది. నా ఇంట్లో నేను పాడాల్సింది వాళ్లు ఆవుల మధ్య పాడుకున్నారు. నాకు గెలిచినట్టు లేదు, ఓడినట్టు లేదు. తెల్ల గుడ్డ పరిచిన బల్ల దగ్గర ఒక్కదాన్నే కూర్చుని ఆ రొట్టె మొత్తం తినేశాను.

పొద్దున పాలు పితకడం నా వంతు. తల్లి అక్కడే ఉంటుందని తెలుసు. పీట ఆమెకి వీపు చేసి వేసుకుని కూర్చున్నాను. చూడకపోయినా ఉందని తెలుస్తూనే ఉంది. లోపలికి వచ్చేటప్పుడు ఓరకంట కనబడింది, ఎర్ర ఆవు మెడ చాచి ఆమె భుజాన్ని నాకుతోంది, నీలం రంగు కొంత పోయింది కూడా. పిన్ని చూస్తే నన్ను చంపుతుందనుకున్నాను. ఆ తర్వాత నోరు ఊరుకోలేదు. పితుకుతూనే తల్లితో పోట్లాట పెట్టుకున్నాను. నీకేం, నీవాడు పుడతాడు, ఏడుస్తాడు, పాలు తాగుతాడు, నీకు దేవదూతలొచ్చి చెప్పారు, నాకు మంత్రసాని వచ్చి చెప్పింది అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవి రాయను.

అన్నీ అయిపోయాక ఇంకేం అనాలో తోచలేదు. మాటలు అయిపోతే నోటికి ఏది అలవాటైతే అది వస్తుంది. మరియమ్మని తలుచుకునే మంగళవార్త జపం వచ్చింది. ఎన్ని వేలసార్లు చెప్పుకున్న జపం. నీ గర్భఫలం ఆశీర్వదింపబడినది అనే చోటికి వచ్చి ఆగిపోయాను.

గర్భఫలం అంటున్నాం. ఇంకా పుట్టలేదు. లోపలే ఉన్నాడు. తల మీద చుక్క నీళ్లు పడలేదు. అప్పటికే ఆశీర్వాదం ఉంది. ఎవరో వచ్చి ఇవ్వలేదు, ఉంది. ఒట్టీలీ, నేను పీట మీదే వెనక్కి తిరిగాను. ఈ ఊరు ఊరంతా లాంతర్లు పట్టుకుని, పాటలు పాడుకుంటూ, ఇంటింటికీ మోసుకెళ్లి మోకరిస్తున్నది ఎవరికి? ఆ చెక్క తల్లికి కాదే. లోపలివాడికి. ఊపిరి తీయనివాడికి, జ్ఞానస్నానం లేనివాడికి. దేవుడు ఆ నెలలన్నీ అలాగే ఉన్నాడు. మావాడు ఉన్నట్టే ఉన్నాడు. మావాడు ఎక్కడికి వెళ్లినా, అంతకుముందే ఆయన అక్కడ ఉండి వచ్చాడు.

ఇది సరైన మాటో కాదో నాకు తెలియదు. పాపమో కూడా తెలియదు. కానీ జపం ఆఖరిదాకా వచ్చింది. మే నెల తర్వాత మొదటిసారి సగంలో ఆగలేదు. ఆవు డొక్కకి నుదురు ఆనించి ఏడ్చాను. ఏడుపు వేరుగా ఉంది. జ్వరం దిగేటప్పుడు చెమట పట్టినట్టు. దాన్ని శాంతి అంటారో, ఉత్త అలసటో చెప్పలేను.

లేచి చూస్తే మీ బావ గుమ్మంలో ఉన్నాడు. ఎంతసేపట్నుంచి ఉన్నాడో. ఏదో ఒకటి మాట్లాడాలని, "ఒట్టీలి ఎందుకు రానంటోందో నీకేమైనా తెలుసా?" అన్నాను.

"తెలుసు" అన్నాడు. "కడుపుతో ఉంది. మార్చిలో."

చేతిలో పాల బకెట్ ఉంది. విసిరేయాలని చేతులు అన్నాయి, పాలు పాలే కదా అని కింద పెట్టాను. బయటికి వెళ్లి మంచులో నిలబడి నిన్ను పేరు పెట్టి తిట్టాను. అప్పుడే వచ్చిన శాంతి అప్పుడే పోయిందా అని వెతుక్కున్నాను. పోలేదు. తిడుతూ ఉండగానే ఉంది. ఇది నాకు అస్సలు అర్థం కాలేదు. కడుపు మండుతోంది, మంట కింద ఎక్కడో నిమ్మళంగా ఉంది. ఇలా ఉంటుందా ఎవరికైనా?

సాయంత్రం తల్లిని తీసుకెళ్లడానికి అందరూ వచ్చారు. పిన్ని నాతో మాట్లాడలేదు, నీలం పోయిన భుజం చూసి ఆవుతో మాట్లాడింది. అందరూ గడ్డిలో మోకరించారు, నేనూ మోకరించాను. లేచేటప్పుడు ఫాదర్ ఆల్బిన్‌కి మోకాళ్లు రాక నా చెయ్యి పట్టుకున్నారు. చెయ్యి వదలకుండా అడిగేశాను. "ఫాదర్, ఇప్పుడు మనం మోకరించింది ఎవరికి? ఆ బిడ్డ ఇంకా పుట్టలేదు. నీళ్లు పడలేదు."

ఆయన తల్లి వైపు చూశారు. "నాకు తెలియదమ్మా" అన్నారు. "ఆ మధ్యలోని చోటు సంగతి నాకు నేర్పారు, నీకు చెప్పాను. నువ్వన్నది నాకెవరూ నేర్పలేదు. కానీ ఏటా ఇక్కడ మోకరిస్తూనే ఉన్నాను." తర్వాత, "వాడి కోసం ప్రార్థన అవసరం లేదన్నాను కదూ. చెయ్యమ్మా. నేనూ చేస్తాను. వాడి పేరేమిటి?" అని అడిగారు.

పేరు లేదన్నాను. జ్ఞానస్నానం లేకపోతే పేరు ఎక్కడ రాస్తారు. "రాయడం సంగతి తర్వాత" అన్నారు. "పేరు లేకుండా ఎవరని ప్రార్థించను? ఆలోచించి చెప్పు."

ఉత్తరం చాలా పెద్దదైంది. నువ్వు నాకు చెప్పనందుకు కోపం ఉంది. చెప్పి ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే, చెప్పనందుకు కోపం కొంత తగ్గుతోంది. రమ్మని రాస్తున్నానో లేదో చదివి నువ్వే తేల్చుకో. నేను తేల్చుకోలేకపోతున్నాను.

రోస్విత

*

లింజ్,
నాలుగో ఆదివారానికి ముందు

అక్కా,

నీ ఉత్తరం ఎర్విన్ చదివి వినిపించాడు. నాకు కళ్లు కనబడలేదు.

నువ్వు రమ్మన్నావో వద్దన్నావో ఇద్దరం పదిసార్లు చదివినా తెలియలేదు. ఎర్విన్ రమ్మన్నావంటాడు. నేను వద్దన్నావంటాను. చెప్పనందుకు క్షమించు. నీ ముందు ఈ పొట్టతో నిలబడటమంటే, ఆకలితో ఉన్నవాళ్ల ముందు అన్నం తింటున్నట్టు ఉంటుందనుకున్నాను.

ఇంకో మాట, ఇది ఎర్విన్‌కి కూడా చెప్పలేదు. నాకు భయంగా ఉంది. లోపల కదలిక కాసేపు ఆగితే చాలు, నీ గది, నేను నీ పక్కనే ఉన్న ఆ రోజు, పొయ్యి మీద మరుగుతున్న ఆ నీళ్లు గుర్తొస్తాయి. నీకు చెప్పుకుంటే ఈ భయం తగ్గేది. నీకే చెప్పకూడదు. అందుకే ఇన్నాళ్లూ చిలకల గురించీ కోట్ల గురించీ రాశాను.

తల్లికి తలుపు తీయలేదన్నావు. నేను చెక్క బొమ్మని కాదక్కా. నా మీద తలుపు వేస్తే నేను పాకలోకి పోలేను. నిజం చెప్పు, రానా?

ఒట్టీలి

*

హింటర్‌బాఖ్,
పాల లారీ వెళ్లేలోపు

ఒట్టీలీ,

రా. ఈసారి తేటగా రాశాను, ఎర్విన్‌ని అడగక్కర్లేదు.

మధ్యాహ్నం రైలుకి రండి. మీ బావ స్టేషన్‌కి వస్తాడు. కుదుపు లేకుండా బండిలో గడ్డి మెత్తగా పరుస్తానని నాకు చెప్పకుండా ఆవులకి చెబుతుంటే విన్నాను. మంచుబూట్లు వేసుకో, పట్నం జోళ్లతో వచ్చి జారిపడకు. కాఫీ గిట్టదన్నావు గనక పాలు కాస్తాను.

నీ పొట్ట చూసి ఏడుస్తానో నవ్వుతానో నాకు తెలియదు. మాట ఇవ్వను. మధ్యలో లేచి పాకలోకి వెళ్లిపోతే వెంటపడకు, తిరిగొస్తాను. రాత్రి కదలిక ఆగి భయమేస్తే నన్ను లేపు. నన్నే లేపు, ఎర్విన్‌ని కాదు. నాకు తప్ప ఆ భయం ఇంకెవరికి తెలుస్తుంది? నీ బిడ్డ కోసం రోజూ జపం చెబుతున్నాను. అసూయ రాదని కాదు. వస్తుంది. జపం చెబుతూ ఉంటే వస్తుంది, చెప్పడం ఆపను, పోతుంది. దేవుడు అన్నీ వింటున్నాడు, విననీ.

నిన్న నాలుగో కొవ్వొత్తి కూడా వెలిగింది. నేను ఊదలేదు. మీ బావ పక్కన కూర్చుని, ఆ పెట్టె బరువు లేదు రోస్వితా అన్నాడు. ఇన్ని నెలలకి అదొక్కటి అన్నాడు. ఇద్దరం గోడ వెనక్కి వెళ్లి మంచు తోసి దీపం పెట్టి వచ్చాం. పిన్ని వెనకాలే వచ్చి, ఒక దీపం గాలికి నిలవదంటూ ఇంకోటి పెట్టి పోయింది. ఇవాళ పొద్దున ఫాదర్ దగ్గరికి వెళ్లి ఆయన అడిగినదానికి జవాబు చెప్పి వచ్చాను.

నీకు పాప పుడితే అమ్మ పేరు పెట్టు, నాకు సంతోషం. బాబు పుడితే నాన్న పేరు పెడతావో, ఎర్విన్ వాళ్ల నాన్న పేరు పెడతావో నీ ఇష్టం. సెవెరిన్ అని మాత్రం పెట్టకు. అది మావాడి పేరు.

అక్క